ఆకాశ రాట్నము

భారతదేశము ఆకాశమున నొక యిల్లు కట్టుకొనబోవుచున్నది. 2024వ సంవత్సరము సెప్టెంబరు మాసమున కేంద్ర మంత్రివర్గము భారతీయ అంతరిక్ష కేంద్రముయొక్క మొదటి గదికి అనుమతి నొసంగెను. 2028 నాటికి ఆ గదియు, 2035 నాటికి అయిదు గదుల నివాసమంతయు, భూమికి సుమారు 450 కిలోమీటర్ల యెత్తున పరిభ్రమింపవలెనని సంకల్పము. మొదటి గది బరువు 10 టన్నులు. అన్నియు గూడినచో 52 టన్నులు. నిన్నటిదాక ఒరుల వాకిట నిలిచి చూచిన జాతి నేడు తన యింటికి తానే శంకుస్థాపన చేసికొనుచున్నదన్న, ఏ భారతీయుని హృదయ ముప్పొంగకుండును? ఆ యానందమున మేమును భాగస్వాములమే. అయినను, క్రొత్తగా ఇల్లు కట్టువానిని ఊరివారు మొదట నడుగు ప్రశ్న యొకటి కలదు. ప్లాను ఎవరిది?

ఆ ప్రశ్నకు లభించు ప్రత్యుత్తరము మాకు తృప్తికరముగా లేదు. 2025వ సంవత్సరము ఆగస్టులో జాతీయ అంతరిక్ష దినోత్సవ సందర్భమున ఢిల్లీలో ప్రదర్శింపబడిన మొదటి గది నమూనా 3.8 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవు గల యొక గొట్టము. దానికి మఱియొక గొట్టము, ఆ గొట్టమునకు వేఱొక గొట్టము తగిలింపబడును. రష్యావారి మీర్ అట్టిదే. అమెరికా రష్యాలు తక్కిన దేశములతో గూడి నిర్మించిన అంతర్జాతీయ కేంద్రము అట్టిదే. చీనావారు 2022లో మూడు గదులతో పూర్తిచేసిన తియాన్‌గాంగ్ అట్టిదే. వీని యన్నిటను మనుష్యుడు నిలువడు, కూర్చుండడు, నడువడు. నీటిలోని నాచువలె తేలుచుండును. ఇతరులు కట్టిన యింటినే మనమును కట్టుట తప్పని మే మనము. చేతులు నేర్చుటకు అది యవసరమే. కాని యంతతో తృప్తినొందుట తప్పు. మా వాదము స్పష్టము. భారతీయ కేంద్రమునకు తిరుగు భాగమొకటి, అనగా తన భ్రమణముచేతనే బరువును పుట్టించు నివాసమొకటి, సంకల్పమునందే చేర్చవలెను. ఇతరులు నూరేండ్లుగా కాగితముపై గీసి, చేతులారా విడిచిన పనిని మనము చేపట్టవలెను.

ఇది వినోదము కొఱకు కోరు కోరిక కాదు. మనుష్యుని దేహము ఈ భూమి బరువునకు అలవడిన దేహము. ఆ బరువు తొలగినంతనే దేహము తన్ను తానే విప్పుకొనుట కారంభించును. నడుమునందును తొడలయందును గల ఎముకలు నెలకు నూటికి ఒకటి మొదలు ఒకటిన్నర పాలు తఱుగును. పిక్కలు కృశించును. రక్తము తలకెక్కి ముఖము ఉబ్బును. కొందఱికి కంటి నరపు మొదలు వాచి చూపు మాఱును. ఈ నష్టమును తగ్గించుటకై అంతర్జాతీయ కేంద్రమున వ్యోమగాములు ప్రతిదినమును సుమారు రెండు గంటలు పట్టీలతో బంధించుకొని పరుగెత్తుదురు, బలము నెదిరించి లాగుదురు. అయినను నష్టము పూర్తిగా ఆగదు. కంటి రోగమునకైతే ఈ కసరత్తు మందే కాదు. మన శుభాంశు శుక్లా 2025 జూన్, జూలై మాసములలో ఆ కేంద్రమున పదునెనిమిది దినములు గడపి తిరిగివచ్చినపుడు, దేహము భూమికి మరల అలవడుటకై వైద్యుల పర్యవేక్షణలో వారముపాటు ఉంపవలసివచ్చెను. పదునెనిమిది దినములకే యింత జాగ్రత్త వలసినచో, పోయి వచ్చుటకు రమారమి రెండున్నర మూడేండ్లు పట్టు అంగారక యాత్ర మాట యేమి? అక్కడ దిగినవానిని చేయిపట్టి నడిపించుటకు వైద్యుడెవడు?

దీనికి మందు పుస్తకములలో వెదుకనక్కఱలేదు. మన జొన్నచేలలో మంచెయెక్కి వడిసెల త్రిప్పు కాపువాని నడుగుడు. త్రిప్పినకొలది ఱాయి త్రాటిని బయటికి లాగును. ఎంత వేగము త్రిప్పిన అంత గట్టిగా లాగును. చెంబునిండ నీరు పోసి గిరగిర త్రిప్పు పిల్లవానికిని ఇది తెలియును; చెంబు తలక్రిందైనను చుక్క నీరు జాఱదు. ఆ చెంబు అడుగున ఒక చీమ యున్నచో దానికి చెంబు అడుగే నేల, త్రిప్పు చేతి దిక్కే ఆకాశము. అదే విధముగ శూన్యమున నొక చక్రమును త్రిప్పినచో దాని పట్టాలోపల నిలిచిన మనుష్యునికి పాదములు నేలకానును, అన్నము కంచములో నిలుచును, నీరు లోటాలో నుండును, ఎముకకు మోయ బరువు దొరకును. సూత్రము ఇంతియే. కష్టమంతయు కొలతలలో నున్నది.

కొలతల కథ మిక్కిలి పాతది. రష్యాలో కలూగా పట్టణమున చెవిటివాడైన యొక బడిపంతులు, కాన్‌స్టంటీన్ సియల్కోవ్‌స్కీ, విమానము లింకను సరిగా ఎగురని దినములలోనే భ్రమణముచే బరువు కల్పింపవచ్చునని వ్రాసెను. ఆస్ట్రియా చక్రవర్తి సైన్యమున ఇంజనీరుగా పనిచేసి క్షయరోగముతో విశ్రాంతి నొందిన స్లొవీను జాతీయుడు హెర్మన్ పొటోచ్నిక్, 1928 చివర వెలువడిన తన గ్రంథములో 30 మీటర్ల వ్యాసము గల నివాసచక్రమును గదిగదిగా గీసి చూపెను. అది ఎనిమిది సెకండ్ల కొక చుట్టు తిరుగును. మఱుసటి యేడే, ముప్పదియాఱవ యేట, ఆయన మరణించెను. 1952లో వాన్‌బ్రౌన్ అమెరికా పత్రికలో 76 మీటర్ల చక్రమును వర్ణించెను. 22 సెకండ్ల కొక చుట్టు, భూమి బరువులో మూడవ వంతు. 1975లో అమెరికాలో విద్వాంసులు ఒక వేసవియంతయు కూర్చుండి, పదివేలమంది నివసించుటకు తగిన, రమారమి 1.8 కిలోమీటర్ల వ్యాసము గల మహాచక్రమును లెక్కకట్టిరి. అది నిమిషమున కొక్క చుట్టు తిరుగును. ఒకడు బడిపంతులు, ఒకడు చిన్నజాతికి బుట్టిన రోగిష్ఠి. ఈ యూహను మొదట మోసినవారు ధనవంతులు గారు, సామ్రాజ్యాధిపతులును గారు. దరిద్రదేశమున కిట్టి తలంపు లేలయనువారు ఈ సంగతి గుర్తింతురుగాక.

ఇక చక్రము ఎంత పెద్దదిగా నుండవలెను? చిన్న చక్రమును వేగముగ త్రిప్పినను, పెద్ద చక్రమును మెల్లగ త్రిప్పినను బరువు పుట్టును. భూమితో సమానమైన బరువు కావలెనన్న, నిమిషమునకు ఆఱు చుట్లు తిరుగుచో నడిబొడ్డునుండి పట్టాకు దూరము 25 మీటర్లు చాలును. నాలుగు చుట్లైన 56 మీటర్లు. రెండు చుట్లైన 224 మీటర్లు. ఒక్క చుట్టైన 894 మీటర్లు. చిన్నదానితో సరిపెట్టుకొనరాదా యందురేమో! చిన్న చక్రమున తలకొక బరువు, పాదమునకొక బరువు. పొటోచ్నిక్ చక్రములో నిలిచినవాని తలయొద్ద బరువు పాదములయొద్ద బరువుకంటె నూటికి పదిపాళ్లకు పైగా తక్కువ. అంతేకాదు, తిరుగు నేలపై కదలినవానిని కొరియోలిస్ బలము ప్రక్కకో, పైకో, క్రిందికో త్రోయును. నిమిషమునకు రెండు చుట్లు తిరుగు ఇంటిలో సెకండుకు ఒక మీటరు నడచువానికి ఆ త్రోపు భూమి బరువులో నూటికి నాలుగు పాళ్లు. ఆఱు చుట్లు తిరుగు ఇంటిలో పదమూడు పాళ్లు. అటువంటి ఇంటిలో తటాలున తల త్రిప్పినచో రంకులరాట్నము దిగినవాని యవస్థయే యగును. అమెరికాలో పెన్సకోలా పట్టణమున గ్రేబీల్ అను వైద్యుడు గది గదినే త్రిప్పి, మనుష్యులను దినములకొలది అందుంచి పరీక్షించెను. నిమిషమున కొక్క చుట్టునకు బాధ లేదు. వేగము హెచ్చినకొలది వాంతులు హెచ్చినవి. అయినను మెల్లమెల్లగ వేగము పెంచినచో చాలమంది అలవాటుపడిరి. ఎంతవరకు అలవాటుపడగలరు, ఎంతకాలము పట్టును, దేహమునకు నిండు బరువు కావలెనా, సగము చాలునా? ఇవియే నేడు తేలవలసిన ప్రశ్నలు.

ఈ ప్రశ్నలను తేల్చుటకు మహారాజ్యములు ఏమి చేసినవి? 1966 సెప్టెంబరులో అమెరికావారి జెమినీ-11 నౌక 30 మీటర్ల త్రాటితో మఱియొక వాహనమునకు కట్టబడి తిరిగినది. పుట్టిన బరువు భూమి బరువులో పదివేల వంతులలో ఒకటి రెండు మాత్రమే. తరువాత మనుష్యులు గల నౌకతో అంతమాత్రపు ప్రయత్నమును ఎవరును చేయలేదు. అంతర్జాతీయ కేంద్రమునకై జపానువారు అపకేంద్రయంత్ర మమర్చిన గది యొకదానిని నిర్మింపసాగిరి. చిన్న జంతువులను మొక్కలను అంగారకుని బరువునను, చంద్రుని బరువునను ఉంచి పరీక్షించుట దాని యుద్దేశము. 2005లో అమెరికా దానిని రద్దుచేసెను. ఆ యసంపూర్ణమైన గది నేడు త్సుకుబా పట్టణమున ప్రదర్శనవస్తువై కూర్చున్నది. 2000 నవంబరు మొదలు ఇరువదియైదేండ్లకు పైగా ఎడతెగక మనుష్యులు కాపురమున్న యింటిలో, మనుష్యునికి ఎంత బరువు కావలెనను ప్రశ్నకు జవాబు చెప్పగల యంత్రమొక్కటియు లేకపోయెను! జపానువారే పిమ్మట చిన్న పెట్టెలో ఎలుకలను త్రిప్పి చూచిరి. భూమి బరువు నిచ్చిన ఎలుకల కండలును ఎముకలును నిలిచినవి. చంద్రుని బరువు నిచ్చినపుడు కండ కృశింపలేదుగాని, కండలోని పోగుల స్వభావము మాఱినది. ఎలుకలకు తెలిసిన మేరకైనను మనుష్యులకు తెలియదు. చంద్రునిపై ఊళ్లు కట్టుదుమని ప్రగల్భములు పలుకు వారందఱును, అక్కడి బరువు మనుష్యుని ఎముకకు చాలునో చాలదో యెఱుగరు. నేలను పరీక్షింపక పునాది త్రవ్వువానిని మన పల్లెలలో ఏమందురు?

మా వాదమునకు మూడు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. మొదటిది: భారరహితస్థితిలో ప్రయోగములు చేయుటకే కేంద్రము గదా, దానిని త్రిప్పినచో ప్రయోజనమే చెడదా యని. చెడును, కావున మొత్తము కేంద్రమును త్రిప్పుమని మే మనలేదు. ప్రయోగశాల నిశ్చలముగ నుండనిండు. నివాసము వేఱుగ తిరుగనిండు. పనిచేయు కొట్టము, పడుకొను ఇల్లు ఒకటిగానుండవలెనని ఏ రైతును అనడు. రెండవది: తిరుగునది ప్రమాదకరమని. ప్రమాదము కలదు, నిర్లక్ష్యముచే కలదు. 1958లో అమెరికావారి మొదటి ఉపగ్రహము ఎక్స్‌ప్లోరర్-1 కదురువలె సన్నగా పొడవుగా నుండెను. దానిని నిలువు టిరుసుమీద త్రిప్పి వదలిరి. దాని మెత్తని తీగలు ఊగి శక్తి హరించుటచే అది కొలది కాలమునకే ఇరుసు మార్చుకొని పల్టీలు కొట్టసాగెను. కదురుగాక చక్రమే నిలుకడగా తిరుగునను పాఠము దానివలన ప్రపంచము నేర్చినది. 1996లో అమెరికా నౌకనుండి విడిచిన ఇరువది కిలోమీటర్ల త్రాడు తెగిపోయెను. త్రాటిని ఎట్లు రక్షింపవలెనో దానివలన నేర్వవచ్చును. ఒరుల పొరపాటులు వెల లేక దొరకు విద్య. మూడవది: లోహము ఆ బలమునకు తాళదని. లెక్క వేయుడు. 224 మీటర్ల వ్యాసార్ధమున తిరుగు అల్యూమినియపు పట్టా తన బరువు తాను మోయుటకు పడు బిగువు, మంచి అల్యూమినియము భరింపగలదానిలో నూటికి కొద్దిపాళ్లకు మించదు. అడ్డము లోహబలము కాదు. అంత సామగ్రిని పైకి మోయుట. దానికిని ఉపాయము కలదు.

మహాచక్రమును కట్టనక్కఱలేదు. రెండు వస్తువులను త్రాటితో గట్టి, రెండింటిని వాని నడిబిందువు చుట్టు త్రిప్పినను చక్రపు పని జరుగును. 10 టన్నుల గది యొకవైపున, అంతే బరువు గల వాడిన రాకెట్టు భాగము రెండవవైపున, నడుమ 170 మీటర్ల త్రాడు. నిమిషమునకు రెండు చుట్లు త్రిప్పినచో ఆ గదిలో అంగారకుని బరువు, అనగా భూమి బరువులో నూటికి 38 పాళ్లు, సరిగా పుట్టును. త్రాటిపై పడు లాగుడు సుమారు నాలుగు టన్నులు. మన రేవులలోని క్రేనులు దినదినము మోయు బరువు. గది వేగము సెకండుకు 18 మీటర్లు. రహదారిపై పోవు బస్సు వేగము. కక్ష్యలో సెకండుకు ఏడున్నర కిలోమీటర్ల వేగమిచ్చిన చేతులకు ఈ 18 మీటర్లు భారమా? త్రాటిని పొడిగించిన నొక బరువు, కుఱుచచేసిన నొక బరువు. వేగము మార్చిన మఱియొకటి. చంద్రుని బరువు, అంగారకుని బరువు, భూమి బరువు, మూటిని ఒక్క యంత్రముతోనే పరీక్షింపవచ్చును.

మేము కోరునవి మూడే. మొదట, నేలమీద నొక తిరుగు గదిని మన విశ్వవిద్యాలయములలో దేనియందైనను నిర్మింపవలెను. మన యువకులే అందు దినములు వారములు నివసించి, మన వైద్యులే పరీక్షింపవలెను. దానికి రాకెట్టు వలదు, పరదేశపు అనుమతి వలదు. రెండవది, చిన్న ఉపగ్రహములు రెండింటిని త్రాటితో గట్టి త్రిప్పు ప్రయోగము. పీ.ఎస్.ఎల్.వీ. నాలుగవ అంతస్తును పని ముగిసిన పిమ్మట పాఱవేయక ప్రయోగవేదికగా వాడుకొను నేర్పు మనవారిది. 2024 డిసెంబరు 30వ తేదీన శ్రీహరికోటనుండి పంపిన 220 కిలోల జంట ఉపగ్రహములను 2025 జనవరి 16వ తేదీన ఆకాశమున కలిపి, మార్చిలో మరల విడదీసినవారు మనవారే. కలుపుట, విడదీయుట వచ్చినవానికి, విడదీసి త్రాటితో పట్టియుంచుట అసాధ్యమా? మూడవది, 2035 నాటి కేంద్రమున కనుబంధముగ మనుష్యులుండదగిన తిరుగు గది యొకటి సంకల్పపత్రములో నేడే వ్రాయవలెను. ఇల్లు కట్టిన తరువాత గుమ్మము పెట్టుట కంటె, గోడ లేవకముందే పెట్టుట చవుక.

"పొరుగువారే మానిన పని మనకేల?" అను ధీరులకు ఒక పాత సంగతి జ్ఞాపకము చేయుదుము. 1991లో మనము రష్యావారితో క్రయోజెనిక్ యంత్రముల కొఱకును, వాని నిర్మాణ విద్య కొఱకును ఒడంబడిక చేసికొంటిమి. 1992లో అమెరికా ఆంక్షలు విధించెను. 1993లో రష్యా విద్య నిచ్చుటకు వెనుదీసెను. యంత్రములు వచ్చినవి, విద్య రాలేదు. ఇరువదియేండ్లు మనవారు తమ చేతులు కాల్చుకొని, తప్పులు చేసి, దిద్దుకొని, 2014 జనవరి 5వ తేదీన స్వదేశ యంత్రముతో జయమందిరి. అడిగిన విద్య దొరకదు. చేసిన విద్య పోదు. తిరుగు నివాసపు విద్య నేడు ఏ రాజ్యము చేతిలోను లేదు; అమెరికాలో ప్రైవేటు సంస్థలు దానిమాట ఎత్తుచున్నవి. రేపు వారు సాధించిన పిమ్మట మనము వారి గుమ్మమున నిలిచి, ధర అడిగి, షరతులు విని, ఆంక్షలు భరింపవలెనా? ముందు నడువదగిన త్రోవ ఇప్పుడు ఖాళీగా నున్నది. ఆలస్యమైనచో ఖాళీగా నుండదు.

ఇక దారిద్ర్యపు మాట. ఈ దేశమున ఆకలిగొన్నవా డున్నంతవఱకు ఆకాశమునకు పైస వెచ్చింపరాదనువారి యాక్రోశమును మేము తేలికగా నెంచము. ఆ ప్రశ్న అడుగు హక్కు ప్రతి పన్ను చెల్లించువానికి కలదు. కాని ధనము వెచ్చించు నిర్ణయము జరిగిపోయినది. శ్రీహరికోటలో మూడవ ప్రయోగవేదికకే 2025 జనవరిలో 3,985 కోట్లు మంజూరైనవి. మిగిలిన ప్రశ్న యొక్కటే: ఆ ధనముతో ఇతరులు నలుబదియేండ్ల క్రిందట నేర్చినదానినే మరల నేర్చుకొందుమా, లేక ఎవరును నేర్వనిదానిని నేర్తుమా? బీదవాడు చేయరాని దుబారా యొకటి కలదు. ఒరులు కట్టిన గుడ్డనే రెట్టింపు వెలకు కొని కట్టుట. మొదటిదాని ఫలము ఒక ఛాయాచిత్రము, ఒక జెండా, ఒక దినపు ఉత్సవము. రెండవదాని ఫలము ప్రపంచమంతయు మన యొద్దకు వచ్చి అడుగవలసిన జ్ఞానము. మంచము పట్టిన వృద్ధుల ఎముక లేల పలుచనగునో తెలిసికొనుటకును అది తోడ్పడును.

ఒకప్పుడు ఈ దేశమున ఇంటింట నొక చక్రము తిరిగెను. అది చిన్నది, చెక్కతో చేసినది. దానిని చూచి నవ్వినవా రెందఱో. ఆ నవ్వినవారి మిల్లులకు అది జవాబు చెప్పెను. దాని బలము పరిమాణములో లేదు. మన చేతితో, మన పత్తితో, మన అవసరమునకు త్రిప్పితిమనుటలో నుండెను. నేడు ఆకాశమున మరల నొక చక్రము త్రిప్పవలసిన సమయము వచ్చినది. ప్రభుత్వమువారును, అంతరిక్ష సంస్థవారును కేంద్రపు కొలతలు స్థిరపఱుపకమున్నే ఈ తిరుగు గదికి చోటు కల్పింతురుగాక. పార్లమెంటు సభ్యులు ఈ ప్రశ్న నడుగుదురుగాక. గణితము చదువు మన బాలబాలికలు వడిసెల త్రాటిని చేతబట్టి లెక్క తామే వేసి చూతురుగాక. తేలుటకు కాదు, నిలుచుటకు ఆకాశమునకు పోవుదము. తన కాళ్లపై తాను నిలువగల యిల్లే స్వగృహము. తక్కినది పరుల నమూనాకు కట్టిన సత్రము.